కాటాల ఎల్లారావు వాలెట్‌లో సున్నా

బెజవాడ వన్ టౌన్‌లో సందులు ఎంత ఇరుకంటే, ఒకసారి ఎదురెదురుగా వచ్చిన రెండు ఆటోలకి తప్పుకునే చోటు లేకపోయింది. డ్రైవర్లిద్దరూ కిందికి దిగి, ఒకరి ఆటో ఒకరు ఎక్కి, వెనక్కి నడుపుకుంటూ ఎవరి పనికి వాళ్ళు పోయారట. సాయంత్రం మళ్ళీ అదే చోట కలుసుకుని ఎవరి ఆటో వాళ్ళు తీసుకున్నారట. ఇది చూసినవాళ్ళు ఎవరూ లేరు గాని, చెప్పేవాడు మాత్రం ఉన్నాడు. అతని పేరు ఎల్లారావు. కాటాల ఎల్లారావంటే హోల్‌సేల్ చేపల కొట్లలో తెలియనివాళ్ళు లేరు.

చేపల దగ్గర పడిన ఎలక్ట్రానిక్ కాటా బతుకు ఎవరికీ వద్దు. కింద ఐసు నీళ్ళు, పైన ఉప్పు నీళ్ళు, మధ్యలో పొలుసు. ఏడాది తిరక్కుండా దానికి మతి పోతుంది. రెండు కేజీల చేపని ముప్పై కేజీలంటుంది, ముప్పై కేజీల బుట్ట పెడితే మౌనం పాటిస్తుంది. అలాంటి మతి పోయిన కాటాలన్నీ ఎల్లారావు కొట్టుకి చేరతాయి. అతను బాగు చేసిన కాటా మీద ఈగ వాలితే అంకె మారుతుందనీ, ఆ ఈగ గర్భిణీ అయితే అది కూడా తెలుస్తుందనీ బజారంతా అనుకుంటారు. బజారంతా అలా అనుకుంటున్నారని చెప్పేది కూడా ఎల్లారావే.

వాళ్ళది బందరు తీరాన చేపల వేట మీద బతికిన కుటుంబం. నాన్న పడవ అమ్మేశాక అమ్మ రత్తమ్మ తట్ట నెత్తిన పెట్టుకుని బెజవాడ చేరి, చేపలమ్మి కొడుకుని పాలిటెక్నిక్‌లో చేర్పించింది. రెండో ఏడాదిలో పాలిటెక్నిక్ ఎల్లారావుని వదిలేసింది. తనే దాన్ని వదిలేశానని ఎల్లారావు అంటాడు. ల్యాబులో ఉన్న మిషన్లన్నీ విప్పడం అయిపోయిందట, ఇంక అక్కడ చేసే పనేం లేదట.

విప్పి చూడటం అతనికి జబ్బు. మిక్సీ, గోడ గడియారం, పక్కింటివాళ్ళ నీళ్ళ మోటారు, ఏదైనా సరే లోపల ఏముందో చూస్తే గాని అన్నం సయించదు. శోభనం గదిలో ఫ్యాను కిర్రుమంటోందని స్టూలెక్కి ఫ్యాను విప్పాడని భార్య పద్మశ్రీ ఇప్పటికీ నలుగురిలో చెబుతుంది. ఎల్లారావు గట్టిగా ఖండిస్తాడు. స్టూలు కాదు, కుర్చీ అంటాడు.

అలాంటివాడి చెవిన కొన్నేళ్ళ కిందట బిట్‌కాయిన్ అనే మాట పడింది. కంటికి కనబడని డబ్బు, చేతికి దొరకని డబ్బు, ఏ బ్యాంకు మేనేజరూ సంతకం పెట్టని డబ్బు. దీన్ని ఎలా విప్పాలి? విప్పాలంటే ముందు కొనాలి. కొనడానికి చేతిలో ఏమీ లేదు. పద్మశ్రీ చేతులకి మాత్రం బంగారు గాజులున్నాయి.

పద్మశ్రీ పామర్రు పిల్ల. నెమ్మదిగా మాట్లాడుతుంది, గట్టిగా బేరం చేస్తుంది. ఇంట్లోనే రొయ్యల పచ్చడి, కొర్రమీను పచ్చడి పెట్టి చిట్టినగర్ చుట్టుపక్కల అమ్ముతుంది. గాజులు తీసి మొగుడి చేతిలో పెడుతూ ఒకటే మాట అంది.

"ఇవి మళ్ళీ గాజుల్లాగే రావక్కర్లేదు. నాకంటూ ఓ పచ్చళ్ళ కొట్టు పెట్టే రోజున కొట్టులా రావాలి. అంతే."

ఆ గాజులు బిట్‌కాయిన్‌లో ఒక ముక్కగా మారాయి. మామూలు జనం ఇలాంటివి ఫోన్లో యాప్‌లో పెట్టుకుంటారు. ఎల్లారావుకి అది అద్దె కొంపలో కాపురంలా అనిపించింది. పెద్ద హార్డ్ డిస్క్ ఒకటి కొని, కొట్లోని కంప్యూటర్‌లో అసలు సిసలు ప్రోగ్రాం ఎక్కించాడు. అది ఉత్త సంచీ కాదు. లోకంలో ఎవరు ఎవరికి ఎంత కాయిన్ పంపారో మొదటి రోజు నుంచీ ఉన్న లెక్కంతా తెచ్చుకుని, ఒక్కొక్కటే తనే సరిచూసుకుంటుంది. అంత పెద్ద ఇంట్లో ఓ మూల చిన్న ఫైలు ఉంటుంది, అదే వాలెట్. అందులో ఆ కాయిన్‌ని కదిపే ఎల్లారావు తాళంచెవులు. వాటికో పాస్‌వర్డ్. ఆ పాస్‌వర్డ్ ఎల్లారావు బుర్రలో తప్ప ఎక్కడా లేదు. ఇది వింటే తెలిసినవాళ్ళకి గుండె జారుతుంది. ఎల్లారావుకి ఛాతీ పొంగుతుంది.

మొన్నటి దసరా ముందు గన్నవరంలో, విమానాశ్రయానికి వెళ్ళే రోడ్డు పక్కన, ఒక కొట్టు ఖాళీ అయింది. విమానం ఎక్కేవాళ్ళు పచ్చళ్ళు కొనకుండా ఎక్కరు కదా. ఓనరు రాజ్యలక్ష్మి గారు వ్యవసాయం ఇంటి మనిషి, మాటకి కట్టుబడే మనిషి. దశమి రోజు అడ్వాన్సు చేతిలో పెడితే కొట్టు పద్మశ్రీది, లేదంటే ఆ మర్నాడు సెల్‌ఫోన్ల లక్ష్మీకాంత్‌కి ఇచ్చేస్తానని ముందే చెప్పింది.

"అమ్మేయండి, డబ్బు బ్యాంకులో వేయండి," అని పద్మశ్రీ నెల నుంచీ పోరుతూనే ఉంది.

"ఇంకో వారం ఆగితే ఎంతకెళ్తుందో చూద్దామే," అని ఎల్లారావు నెల నుంచీ అంటూనే ఉన్నాడు. ఆశ కాదు అది. చూడాలన్న దురద.

చివరికి మహర్నవమి పొద్దున అమ్మకానికి కూర్చున్నాడు. ప్రోగ్రాం తెరిచి నెలలైంది. ఈ మధ్య లోకంలో జరిగిన లెక్కంతా అది తెచ్చుకుని రాసుకోవాలి. తెర మీద పని ఎంతవరకూ అయిందో చూపే పచ్చగీత కదులుతోంది, హార్డ్ డిస్క్ గురగురమంటోంది. మధ్యాహ్నానికి అయిపోతుందని లెక్కేసుకుని, పూజకి బంతిపూలూ గుమ్మడికాయా తేవడానికి బజారుకి వెళ్ళాడు.

ఆ రోజు ఆయుధపూజ. బెజవాడలో ఆ రోజు బొట్టు పడని ఇనప ముక్క ఉండదు. లారీకీ బొట్టే, పంపు స్పానరుకీ బొట్టే. రత్తమ్మకి మాత్రం బొట్టుతో సరిపోదు. తీరంలో ఆమె చూసిన పద్ధతి వేరు. నవమి నాడు వల ఆరేసి, పడవ ఒడ్డుకి లాగి, ఇంజను ఆపి పూజ చేస్తారు. పూజలో పెట్టిన దాన్ని దశమి పొద్దున హారతిచ్చి కాస్త కదిపేదాకా ఎవరూ ముట్టుకోరు. ఏడాదంతా మనకోసం కష్టపడిన వస్తువు ఆ ఒక్క పూటా పడుకోవాలి. మెలకువగా ఉన్న ఇంజనుకి పూజ చేస్తే అది వేటలో మొరాయిస్తుందని ఆమె నమ్మకం.

ఎల్లారావు గుమ్మడికాయ భుజాన వేసుకుని వచ్చేసరికి కొట్టు చీకటిగా ఉంది. లోపల సాంబ్రాణి పొగ. కాటాలన్నీ వరసగా పసుపు పూసుకుని కూర్చున్నాయి. వాటి మధ్యలో కంప్యూటరు, మెడలో బంతిపూల దండ, స్విచ్చు మీద కుంకుమ బొట్టు, గాలి పోయే చిల్లుల నిండా గంధం. ముందు కొబ్బరికాయ పగిలి ఉంది. కీబోర్డు మీద నీళ్ళ చుక్కలు మెరుస్తున్నాయి. తెర నల్లగా ఉంది.

"అమ్మా, కరెంటు పోయిందా?"

"పోలేదు, నేనే మెయిన్ తీసేశా," అంది రత్తమ్మ సాంబ్రాణి విసురుతూ. "అదేదో పొద్దుట్నించీ గుర్రుగుర్రున అరుస్తానే ఉందిరా. పండగ పూటైనా కాసేపు పడుకోనీ పాపం."

"అమ్మా! అది లెక్క రాసుకుంటోందే! మధ్యలో ఆపేత్తే ఎట్టా?"

"రేపు రాసుకుంటదిలే. నువ్వు రాత్రి మధ్యలో ఆపి పడుకోవట్లేదా?"

ఎల్లారావు చెయ్యి స్విచ్చు వైపు వెళ్ళింది. రత్తమ్మ చేతిలోని విసనకర్ర అంతకంటే వేగంగా వెళ్ళింది.

"ముట్టుకున్నావంటే చూడు. పూజలో ఉంది."

బయట ఎవరో టపాసులు కాలుస్తున్నారు. లోపల ఎల్లారావు ఆ నల్ల తెర ముందు కూర్చుని, విప్పడానికి వీల్లేని పెట్టెని చూస్తూ ఉండిపోయాడు. రాస్తూ రాస్తూ ఉన్న చెయ్యిని ఎవరో పట్టి లాగేస్తే ఆ అక్షరం ఏమవుతుంది? సగంలో ఆగుతుందా, గీత గీసుకుపోతుందా? పక్క అక్షరాలు కూడా చెరిగిపోతాయా? భయం వేయాల్సిన చోట కూడా అతనికి ముందు ప్రశ్నలే వచ్చాయి. భయం తర్వాత వచ్చింది, పద్మశ్రీతో పాటు. ఆమె పులిహోర గిన్నెతో లోపలికి వచ్చి నిలబడింది.

"డబ్బు బ్యాంకుకి వచ్చినట్టేనా అండీ?"

ఎల్లారావు గుమ్మడికాయ వైపు చూశాడు. అదేమీ సాయం చేసేలా లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. పద్మశ్రీ గిన్నె కింద పెట్టింది. అరవలేదు. అరిస్తే బాగుండు అనిపించేటంత నిదానంగా అడిగింది.

"నా గాజులు ఆ డబ్బాలో ఉన్నాయి. డబ్బా ఆగిపోయింది. అంతేనా?"

రత్తమ్మ విసనకర్ర ఆగింది. "ఏంటీ? గాజులు దీంట్లో ఉన్నయ్యా? ఇనప డబ్బాలో గాజులేంట్రా?"

"గాజులు కాదమ్మా, గాజుల డబ్బు."

"ముందే చెప్పి చావవేం రా! నేను దానికి బొట్టు పెట్టేటప్పుడైనా చెప్పకూడదూ!"

తర్వాత జరిగింది పంతులుగారు చూసుంటే వారం రోజులు అన్నం మానేసేవారు. రత్తమ్మ కర్పూరం వెలిగించి, మిగతా కాటాల జోలికి పోకుండా కంప్యూటరు ఒక్కదానికే హారతిచ్చింది. "తల్లీ దుర్గమ్మా, దీన్ని ఒక్కదాన్నే ముందుగా లేపుతున్నా, పిల్లదాని సొమ్ము అడ్డం పడింది, నా మీద కోపం పెట్టుకోకు," అని చెంపలేసుకుని, డబ్బాని ఉత్తరానికి బెత్తెడు జరిపింది. "ఇదైంది. ఇప్పుడు ముట్టుకో."

ఎల్లారావు కొబ్బరి నీళ్ళు తుడిచి, గంధం గీకి, మెయిన్ వేసి కంప్యూటరు ఆన్ చేశాడు. ప్రోగ్రాం తెరుచుకోలేదు. చిన్న గడి ఒకటి వచ్చింది. లెక్కల భండారం పాడైంది, మళ్ళీ మొదట్నించీ కట్టమంటావా, అవునా కాదా అని అడుగుతోంది.

ఇక్కడ కాటాల ఎల్లారావు తన పనితనం చూపించాడు. ఏ కాటా వచ్చినా విప్పేముందు పళ్ళెం తీసి పక్కన పెట్టడం అతని అలవాటు, అలాగే ముందు ఏ గుండీ నొక్కకుండా, వాలెట్ ఫైలు ఎక్కడుందో వెతికి పట్టి పెన్‌డ్రైవ్‌లోకి ఒక కాపీ తీశాడు. ఆ పెన్‌డ్రైవ్ రత్తమ్మ తీసుకుని బొడ్డు సంచీలో దోపుకుంది. అప్పుడు 'అవును' నొక్కాడు.

ప్రోగ్రాం తెరుచుకుంది. బ్యాలెన్స్ దగ్గర సున్నా. సున్నా తర్వాత చుక్క, చుక్క తర్వాత మళ్ళీ వరసగా సున్నాలు.

పద్మశ్రీ ఆ సున్నాలని వేలితో తడిమి చూసింది. తడిమితే ఏదైనా తగులుతుందేమో అన్నట్టు.

ఎల్లారావు ఫోను తీసి, బిట్‌కాయిన్ మనుషులు మాట్లాడుకునే గ్రూపు ఒకదానిలో తన కష్టం రాశాడు. రాసి కింద పెట్టేలోపే ఒకాయన విడిగా పలకరించాడు. పేరు దగ్గర సపోర్ట్ అని ఉంది. 'సార్ నమస్తే, కంగారు పడకండి సార్, మీ వాలెట్ ఫైలు, పాస్‌వర్డ్ పంపండి సార్, అయిదు నిమిషాల్లో సరిచేసి ఇస్తాం సార్.'

"చూశావా, ఎంత మర్యాదో!" అన్నాడు ఎల్లారావు. వేలు అప్పటికే టైపు చేయడానికి సిద్ధంగా ఉంది.

"ఆగండి." పద్మశ్రీ ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టింది. "మనింటి తాళంచెవి పోలేదు కదా? తలుపే బిగుసుకుంది. తలుపు బాగు చేసేవాడికి తాళంచెవి ఎందుకండీ?"

ఎల్లారావు వేలు గాల్లోనే ఆగిపోయింది. నిజమే కదా. అయితే అంతటితో ఊరుకుంటే అతను ఎల్లారావు ఎందుకవుతాడు. ఈ మనిషి లోపల ఏముందో కూడా చూడాలి.

'మీదే ఊరండీ?' అని రాశాడు.

'హెడ్డాఫీసు సార్.'

'ఏ ఊళ్ళో హెడ్డాఫీసండీ?'

'మెయిన్ హెడ్డాఫీసు సార్. పాస్‌వర్డ్ పంపండి సార్.'

'పండక్కి సెలవు లేదాండీ? భోంచేశారా?'

ఆ తర్వాత సార్లు తగ్గిపోయాయి. నాలుగు తిట్లు వచ్చాయి. వాడేం రాశాడో రత్తమ్మ చదివించుకుని, అంతకంటే మంచివి ఎనిమిది చెప్పి తిరిగి రాయమంది. పద్మశ్రీ ఆ మనిషిని బ్లాక్ చేసింది.

సున్నా మాత్రం అలాగే ఉంది. పచ్చగీత తెర ఎడమ చివర మళ్ళీ మొదటి నుంచి బయల్దేరి, చీమ కాళ్ళు నొప్పెట్టినప్పుడు నడిచినట్టు నడుస్తోంది.

అప్పుడే శౌరయ్య వచ్చాడు. కొల్లేటి చేపల వ్యాపారి. చర్చి మనిషి కాబట్టి ఆయనకి పూజ పట్టింపు లేదు. దసరా రోజుల్లో చేపలు తినేవాళ్ళు తక్కువ గనుక తీరిక కూడా ఉంది. ఆటోలోంచి కాటా దింపించాడు. దాని మీద బుట్ట తాళ్ళతో కట్టి అలాగే ఉంది, బుట్టలో ఐసు కింద ఏవో చేపలు.

"ఎల్లారావూ, ఇది సచ్చిపోయిందిరా. పొద్దున కరెంటు పోయొచ్చింది. అప్పట్నించి ఇంత సరుకున్నా సున్నా అంటంది. చూడు కావాలంటే."

"బాబాయ్, పండగ. రేపు రా."

"చూడరా ఒక్కసారి. చేపలు రేపటిదాకా ఆగవు."

ఎల్లారావు చిరాగ్గా ప్లగ్గు పెట్టి, వంగి కాటా వైపు చూశాడు. సున్నా. ఇవాళ ఎటు చూసినా సున్నాయే. విసుగ్గా తాళ్ళు విప్పి బుట్ట పైకెత్తాడు. కాటా వెంటనే మైనస్ చూపించింది. బుట్ట బరువెంతో అంత మైనస్.

"బాబాయ్, ఇది చావలేదు. కరెంటొచ్చినప్పుడు బుట్ట దీని మీదే ఉంది కదా. ఆన్ అయ్యేటప్పుడు మీద ఏముంటే దాన్నే సున్నా అనుకుంటదిది. అంకె సున్నా గాని, సరుకు ఎక్కడికీ..."

మాట అక్కడే ఆగిపోయింది. బుట్ట చేతుల్లోనే ఉంది. చల్లటి నీళ్ళు మోచేతుల మీదుగా కారుతున్నాయి.

"ఏంట్రా, ఏవైంది?" అన్నాడు శౌరయ్య.

"పద్దూ! మనం చూస్తంది కాటాని. సరుకుని కాదు!"

బుట్ట శౌరయ్య చేతుల్లో పడేసి ఫోను అందుకున్నాడు. బిట్‌కాయిన్ లెక్క లోకంలో ఎవరైనా చూసుకోవచ్చు, దాచుకునేది కాదు. తన కాయిన్ వచ్చి చేరిన అడ్రసు, అంటే ఇంగ్లీషు అక్షరాలూ అంకెలూ కలిసిన పొడుగాటి వరస, పాత మెసేజుల్లో ఉంది. దాన్ని లెక్క చూపించే వెబ్‌సైటులో పెట్టాడు. తెర తిరిగింది, తిరిగింది, ఆగింది. గాజుల ముక్క కొన్న రోజున ఎక్కడ చేరిందో అక్కడే, చెక్కుచెదరకుండా కూర్చుని ఉంది.

"ఇదిగో! పళ్ళెంలో సరుకుంది. మన కంప్యూటరు లెక్క చిరిగిపోయి మళ్ళీ మొదట్నించీ రాసుకుంటంది. మన గాజుల రోజు దాకా రాయలేదింకా. అందుకే దానికి మనం తెలీదు."

పద్మశ్రీ ఫోను తెర వైపు చూసింది, కంప్యూటరు తెర వైపు చూసింది. "మరి ఎప్పటికి రాస్తది?"

ఎల్లారావు పచ్చగీతని చూసి వేళ్ళ మీద రోజులు లెక్కేశాడు. రేపటికి మాత్రం కాదు.

అక్కడ మళ్ళీ మొదటికొచ్చింది కథ. డబ్బు ఉంది, అందదు. లక్ష్మీకాంత్‌కి మాత్రం డబ్బు చేతిలోనే ఉంది. పద్మశ్రీ కాసేపు కొంగు చివర మెలిపెట్టి, చివరికి తనే రాజ్యలక్ష్మి గారికి ఫోన్ చేసింది. స్పీకర్ పెట్టింది, కొట్టంతా వింది.

"అమ్మగారూ, రేపు అడ్వాన్సు ఇవ్వలేకపోతున్నామండి. డబ్బుందండి, కాని తీయడానికి అవట్లేదండి."

"బ్యాంకు సెలవా అమ్మాయ్?"

"కాదండి. మా అత్తయ్య కంప్యూటరుకి పూజ చేసిందండి."

అవతల టీవీ కట్టేసిన చప్పుడైంది.

"ఏంటీ?"

పద్మశ్రీ మొత్తం చెప్పింది. గాజుల నుంచి బుట్ట దాకా. మధ్యమధ్య రత్తమ్మ 'నాకు చెప్పలేదండీ' అని గట్టిగా అరుస్తూనే ఉంది. అంతా విని రాజ్యలక్ష్మి గారు ఒకటే మాట అంది.

"రేపు దుర్గమ్మ కొండ మీదికి దర్శనానికి వస్తున్నా. దిగాక మీ కొట్టుకొస్తా. ఆ సున్నా ఏంటో నా కళ్ళతో చూడాలి."

దశమి మధ్యాహ్నం ఆమె వచ్చింది. నుదుట అమ్మవారి కుంకుమ, చేతిలో ప్రసాదం లడ్డూ, క్యూలో నిలబడి నిలబడి వాచిన పాదాలు. ఎల్లారావు స్టూలు వేసి, సున్నా చూపించి, పచ్చగీత చూపించి, ఫోన్లో లోకమంతా చూసే లెక్క చూపించాడు. ఆమె కళ్ళజోడు సవరించుకుని అన్నీ చూసింది. ఒక్క ప్రశ్న వేసింది. ఎల్లారావు జన్మలో అంత మంచి ప్రశ్న వేసినవాళ్ళని చూడలేదు.

"ఉంది సరే. అది మీదేనని నాకేంటి నమ్మకం? ఎవరి పొలం గట్టు మీదైనా నిలబడి ఇది నాదే అనొచ్చు కదా బాబూ."

ఎల్లారావు మొహం వెలిగింది. ఈ పెట్టెలో ఇంతవరకూ విప్పి చూడని అర ఒకటి ఉంది మరి.

"అమ్మగారూ, మీకిష్టమైన మాట ఏదైనా ఒకటి చెప్పండి. ఏదైనా సరే. ఈ అడ్రసు తాళంచెవి ఉన్నవాడు మాత్రమే ఆ మాట మీద సంతకం పెట్టగలడు. లెక్క ఎంతవరకూ రాసిందన్నదానితో దీనికి పన్లేదు, తాళంచెవి చాలు. ఆ సంతకం నిజమో కాదో మీ ఫోన్లో మీరే చూసుకోవచ్చు."

రాజ్యలక్ష్మి గారు కాసేపు ఆలోచించింది. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"రాయి. పద్మశ్రీ పెట్టే రొయ్యల పచ్చడి మా కోడలి పచ్చడి కంటే బాగుంటుంది."

ఎల్లారావు ఆ మాట టైపు చేసి, పాస్‌వర్డ్ కొట్టి, ఒక గుండీ నొక్కాడు. పిచ్చివాడి గీతల్లాంటి అక్షరాల వరస ఒకటి బయటికొచ్చింది. అదే సంతకం. దాన్నీ, మాటనీ, అడ్రసునీ రాజ్యలక్ష్మి గారి ఫోనుకే పంపించి, సరిచూసే వెబ్‌సైటు ఒకటి ఆమె చేతే తెరిపించాడు. మూడు గళ్ళలో మూడూ పెట్టించాడు. ఆమె వేలితో నొక్కింది.

సరిపోయిందని పచ్చ రంగులో వచ్చింది.

"ఓహో," అంది ఆమె. "మరి నేను మాట మారిస్తే?"

"మార్చి చూడండి."

ఆమె 'కోడలి' చెరిపి 'వదిన' పెట్టింది. ఎర్ర రంగు. సరిపోలేదు. మళ్ళీ 'కోడలి' పెట్టింది. పచ్చ. చివర ఒక చుక్క తీసేసింది. ఎరుపు. చుక్క పెట్టింది. పచ్చ. లడ్డూ పక్కన పెట్టి, కాళ్ళ నొప్పి మర్చిపోయి, పచ్చా ఎరుపూ చేసుకుంటూ కూర్చుంది. బయట కారు డ్రైవరు రెండుసార్లు హారన్ కొట్టాడు. ఆమెకి వినబడలేదు. ఎల్లారావుకి ఆమెని చూస్తుంటే తోబుట్టువు దొరికినట్టు ఉంది.

ఉన్నట్టుండి ఆమె చెయ్యి ఆగింది.

"బాబూ, ఈ మాట కూడా లోకమంతా కనబడుతుందా? మా కోడలికి?"

"లేదండి, ఇది మనలో మనకే."

"హమ్మయ్య." లడ్డూ తుంచి పద్మశ్రీ చేతిలో పెట్టింది. "చూడమ్మాయ్, నాకు కంప్యూటరు తెలీదు. సంతకం తెలుసు. రిజిస్ట్రారాఫీసు చుట్టూ తిరిగి తిరిగి, దొంగ సంతకాలు చూసీ చూసీ ఈ కళ్ళు అరిగిపోయినయ్. ఈ సంతకం దొంగది కాదు. ఆ పచ్చగీత చివరికి చేరేదాకా ఆగుతా. లక్ష్మీకాంత్‌కి నేనే చెప్పుకుంటా. గీత చేరాక కూడా సున్నా ఉందనుకో, అప్పుడు కొట్టు అతనిదే. సరేనా?"

"సరేనండి," అంది పద్మశ్రీ. ఎల్లారావు వైపు చూడకుండా అంది.

ఆ తర్వాత వన్ టౌన్‌లో జరిగింది నమ్మేవాళ్ళు నమ్మొచ్చు. పచ్చగీత ఎంతవరకూ వచ్చిందన్నది క్రికెట్ స్కోరు కంటే పెద్ద వార్త అయిపోయింది. ఐసు దింపే హమాలీలు 'ఎంతైంది?' అని అడగందే కొట్టు దాటేవాళ్ళు కాదు. వేలంపాటలో రేటు అడిగితే శౌరయ్య పరధ్యానంగా 'నలభై శాతం' అన్నాడట, కొన్నవాడు కేజీ నలభయ్యే అనుకుని సరుకెత్తుకుని పరిగెత్తాడట. గన్నవరం నుంచి రోజూ పొద్దున్నే ఫోన్. 'ఎంతైందమ్మాయ్?' శౌరయ్య తన ఇన్వర్టరు తెచ్చి కంప్యూటరుకి తగిలించాడు. రత్తమ్మ మెయిన్ స్విచ్చు కింద కుర్చీ వేసుకుని విసనకర్రతో కాపలా కూర్చుంది. మీటరు చూడ్డానికి వచ్చిన కరెంటాయన బయట నుంచే చూసి వెళ్ళాడు.

ఎల్లారావు మాత్రం ఆ రోజుల్లో గొప్పలు మాట్లాడలేదు. గీత గాజుల రోజుకి దగ్గరపడే కొద్దీ అతని గొంతు సన్నబడింది. ఫోన్లో సరుకు చూశాడు, చేత్తో సంతకం పెట్టాడు, అయినా లోపల చిన్న పురుగు తొలుస్తూనే ఉంది. మధ్యాహ్నం అన్నం దగ్గర పద్మశ్రీని అడిగాడు.

"సున్నాగానే ఉందనుకో. ఏం చేత్తావ్?"

"చిట్టినగర్లోనే అమ్ముకుంటా," అంది ఆమె. "మిమ్మల్ని కూడా అమ్మేస్తా. కేజీకి ఎంతొస్తదో మీ కాటా మీదే చూసి."

గీత చేరిన రోజు పొద్దున ఆమె కొట్లోనే ఉంది. ఎవరూ నొక్కలేదు, ఎవరూ పిలవలేదు. సున్నా ఉన్న చోట ఒక అంకె వచ్చి కూర్చుంది, ఎప్పటి నుంచో అక్కడే ఉన్నట్టు. రత్తమ్మ చప్పట్లు కొట్టి, ఎందుకు కొట్టానా అని చుట్టూ చూసింది. ఎల్లారావు కుర్చీలో వెనక్కి వాలి, ఇదంతా తనకి ముందే తెలుసని చెప్పడానికి గొంతు సవరించుకున్నాడు. పద్మశ్రీ అతనికా అవకాశం ఇవ్వలేదు.

"అమ్మండి. ఇప్పుడే."

కొట్టుకి కావాల్సినంత అమ్మకపు యాప్‌కి పంపాడు. అక్కడ అమ్మితే, సర్కారు వాటా పోగా మిగిలింది బ్యాంకులో పడింది. అదే రోజు గన్నవరంలో అడ్వాన్సు రాజ్యలక్ష్మి గారి చేతిలో పెట్టి షట్టరు తాళాలు తీసుకున్నారు. తాళాలిస్తూ ఆమె, ఆ ఎరుపూ పచ్చా ఆట ఫోన్లో మళ్ళీ ఎలా తెరవాలో ఇంకోసారి చూపించుకుంది.

ఇంకో చిన్న ముక్క వాలెట్‌లో మిగిలింది. తిరిగొచ్చాక ఎల్లారావు దాన్ని చూసుకుంటూ ఉంటే పద్మశ్రీ కుర్చీ పక్కకొచ్చి నిలబడింది.

"ఇది మీరు ఆడుకోవడానికి ఉంచుకోండి. కాని పాస్‌వర్డ్ మారుస్తా."

"నువ్వా? నేను మార్చి నీకు చెప్తాలే."

"మీరు చెప్పేదేం లేదు. ఇన్నాళ్ళూ నా గాజులు మీ ఒక్క బుర్రలోనే ఉన్నాయి. రేపు ఏ స్టూలు మీంచో పడి అది కాస్తా ఆరిపోతే? ఎక్కడ నొక్కాలో చూపించి లేవండి."

ఎల్లారావు పాతది కొట్టి, కొత్తది రాసే గడి చూపించి లేచాడు. ఆమె కూర్చుంది.

"అటు తిరగండి."

"నాకు కూడా చెప్పవా?"

"మీతో పనైతే నేనే వచ్చి కొడతా. నాకేదైనా అయితే మీకు చెప్పమని అత్తయ్యకి చెప్పి ఉంచుతా. అటు తిరగండి."

లోకంలో ఏ పెట్టె కనబడినా లోపల ఏముందో చూడందే నిద్రపోని కాటాల ఎల్లారావు గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. వెనకాల కీబోర్డు చప్పుడు వినబడుతోంది. నెమ్మదిగా, ఒక్కొక్కటే. ఎన్ని అక్షరాలో లెక్కపెట్టబోయాడు. మధ్యలో రత్తమ్మ కావాలనే దగ్గింది. లెక్క తప్పింది.